ఆఫీసు అమెరికన్ ఫుట్‌బాల్ ఫాంటసీ లీగ్‌లో మొదటి పిక్‌కి రన్నింగ్ బ్యాక్‌నే తీసుకోవాలా?

వచ్చే వారం డ్రాఫ్ట్ (వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడం, ఒక్కో ఎంపిక ఒక పిక్), పన్నెండు జట్ల లీగ్, నిరుడు ఎక్కువ యార్డులు పరిగెత్తిన రన్నింగ్ బ్యాక్‌ని, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని, కళ్లు మూసుకుని తీసుకోవచ్చా అని అడిగారు. వద్దండి. నేను కళ్లు మూసుకునే దెబ్బ తిన్నాను.

డ్రీమ్ ఇలెవెన్ ఆడినవాళ్లకి ఇక్కడ ఒక తేడా వెంటనే తట్టదు. అక్కడ ఒకే ఆటగాణ్ని లక్షల మంది పెట్టుకునేవాళ్లు. ఇక్కడ లీగ్ మొత్తంలో ఒక్కరికే దక్కుతాడు, సీజనంతా వాడితోనే కాపురం. పన్నెండు జట్లూ తలా ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లను ఆడించాలంటే 24 మంది కావాలి. అసలు ఆట జరిగే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు 32 ఉన్నా, చాలా చోట్ల ఆ పని ఇద్దరు పంచుకుంటారు. వీళ్లకి గిరాకీ అందుకే.

ముందు మీ లీగ్‌లో క్యాచ్‌కి (విసిరిన బంతి పట్టినందుకు) పాయింటు ఉందో లేదో కనుక్కోండి. మామూలుగా పది యార్డులకి ఒకటి, టచ్‌డౌన్‌కి (బంతితో ప్రత్యర్థి గోల్ లైన్ దాటితే) ఆరు. క్యాచ్‌కి కూడా ఒకటి ఇస్తే లెక్క తలకిందులవుతుంది. 2022లో ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లను చూడండి: నిక్ చబ్ 1,525 యార్డులు పరిగెత్తాడు, ఆస్టిన్ ఎకలర్ 915. కానీ ఎకలర్ 107 క్యాచ్‌లు పట్టాడు, చబ్ 27. అక్కడే 80 పాయింట్ల తేడా! పరిగెత్తిన యార్డులు మాత్రమే చూసినవాడికి ఇది కనిపించదు.

తర్వాత నేను చూసేది ఆటగాణ్ని కాదు, జట్టులో వాడికిచ్చిన పనిని. బంతి ఎన్నిసార్లు చేతికిస్తారు? గోల్ లైన్ దగ్గరికొచ్చాక కూడా వాడికే ఇస్తారా? 2024లో సేక్వాన్ బార్క్‌లీ ఏకంగా 2,005 యార్డులు పరిగెత్తాడు. అంత పరిగెత్తినా పరుగు టచ్‌డౌన్లు 13. అదే జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) జేలెన్ హర్ట్స్‌కి 14. గీతకి గజం దూరంలో ఉంటే వెనకనుంచి హర్ట్స్‌నే నెట్టేసేవాళ్లు మరి. వంటంతా ఒకరిది, వడ్డించిన పేరు ఇంకొకరిది.

నిరుటి లెక్కలు నిరుటివే. డిమార్కో ముర్రే 2014లో డాలస్‌కి 392 సార్లు బంతి మోసి 1,845 యార్డులు తెచ్చాడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాకి మారితే 702. మోత బరువు, కొత్త జట్టు, రెండూ అనుమానించాల్సినవే. వయసు ఒక్కటే చూసి మాత్రం కొట్టిపారేయకండి. డెరిక్ హెన్రీ 2024లో ముప్పై ఏళ్ల వయసులో, అదీ కొత్త జట్టులో, 1,921 యార్డులు పరిగెత్తాడు. (ఆ ఏడాది వాణ్ని వదిలేసిన బాధ నాకింకా ఉంది.)

ఇక నా కథ. 2024లో నాకు మొదటి పిక్ వచ్చింది. క్రిస్టియన్ మెకాఫ్రీ తప్ప ఇంకో పేరు తలలో లేదు, ముందు సీజన్‌లో 21 టచ్‌డౌన్లు మరి. పిక్క పట్టేసిందన్న వార్త క్యాంపు నుంచి ముందే వచ్చింది. నేను పట్టించుకోలేదు. మొదటి మ్యాచ్ సోమవారం రాత్రి. ఆట మొదలవడానికి కాసేపటి ముందు ఫోన్ చూస్తే వాడు ఆడట్లేదు. బదులుగా దిగిన జోర్డన్ మేసన్ ఆ రాత్రే 147 యార్డులు కొట్టాడు. నా బెంచ్ మీద మేసన్ లేడు, మా టీమ్‌లో టెస్టింగ్ చూసే అమ్మాయి దగ్గరున్నాడు. సోఫాలో కూర్చుని ఆమె పాయింట్లు పెరగడం చూశాను. మెకాఫ్రీ ఆ సీజన్‌లో ఆడింది నాలుగే మ్యాచ్‌లు.

తప్పు వాణ్ని తీసుకోవడంలో లేదు, వాడి వెనక ఉన్నవాణ్ని తీసుకోకపోవడంలో ఉంది. చివరి రౌండ్లలో ఎలాగూ పనికొచ్చేవాళ్లు తక్కువ. ఒక పిక్ అలాంటివాడికి పెట్టేయండి.

మీది ఎన్నో పిక్? మామూలుగా రెండో రౌండులో వరస తిరగబడుతుంది. మొదటిదైతే మళ్లీ మీ వంతు వచ్చేది 24వ పిక్‌కి, ఆలోగా మంచి రన్నింగ్ బ్యాక్‌లు చాలామంది పోతారు. పన్నెండోదైతే వరసగా రెండు మీవే, అప్పుడు ఒక రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు), ఒక రన్నింగ్ బ్యాక్ అంటాను. క్యాచ్ పాయింటు సంగతి కూడా కనుక్కుని కామెంట్‌లో పెట్టండి, పేర్లు చూద్దాం.