పాత సైనింగ్ కీని వదిలేయవచ్చా?

ప్రశ్న: ఉబుంటు 22.04లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఓడీబీసీ డ్రైవర్ (ప్రోగ్రాములను ఆ డేటాబేస్‌కు కలిపే సాఫ్ట్‌వేర్) కోసం ఆప్ట్-కీతో (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్‌కు కీలు చేర్చే కమాండ్) సైనింగ్ కీ (ప్యాకేజీపై డిజిటల్ సంతకం అసలుదేనా అని సరిచూసే కీ) చేర్చాను. 'డెప్రికేటెడ్' (ఈ పద్ధతిని ఇక వాడొద్దు) అనే హెచ్చరిక వచ్చినా డ్రైవర్ పనిచేస్తోంది. అలాగే వదిలేయవచ్చా?

జవాబు: వదిలేయకండి. అలా చేర్చిన కీని ఆప్ట్ ఆ ఒక్క రిపాజిటరీకే (ప్యాకేజీలు దించుకునే సర్వర్) కాదు, సైన్డ్-బై (ఏ కీని నమ్మాలో చెప్పే సెట్టింగ్) లేని అన్ని రిపాజిటరీలకూ నమ్ముతుంది. ఆ కీ దొంగల పాలైతే, దానితో సంతకం చేసిన నకిలీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) కూడా దర్జాగా ఇన్‌స్టాల్ అయిపోగలదు.

కీని తయారీదారు సైట్ నుంచి హెచ్‌టీటీపీఎస్‌లోనే దించుకోండి. జీపీజీ (కీలను చూసే, మార్చే టూల్) షో-కీస్ ఆప్షన్‌తో ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తించే కోడ్) చూసి, అధికారిక డాక్యుమెంటేషన్‌లోని 40 అక్షరాలతో పూర్తిగా పోల్చండి. చివరి 8 సరిపోతే చాలదు. డీఆర్మర్ చేసి (టెక్స్ట్ కీని బైనరీగా మార్చి), ఈటీసీ-ఆప్ట్ కింది కీరింగ్స్ ఫోల్డర్‌లో (/etc/apt/keyrings) ఫైలు పేరు చివర డాట్ జీపీజీతో పెట్టండి. డీఆర్మర్ చేయని టెక్స్ట్ కీ అయితే డాట్ ఏఎస్‌సీ ఉండాలి. ఈ ఎక్స్‌టెన్షన్ తారుమారైతే ఆప్ట్ కీని పక్కనపెట్టి 'నో పబ్‌కీ' (పబ్లిక్ కీ లేదు) అంటుంది. ఫైలు పర్మిషన్ 644 (అందరూ చదవగలిగేలా) ఉండాలి. 600 (యజమాని మాత్రమే చదవగలిగేలా) పెడితే, సంతకం సరిచూసే అండర్‌స్కోర్-ఆప్ట్ (_apt) అనే సిస్టమ్ యూజర్ దాన్ని చదవలేదు.

రిపాజిటరీ చిరునామా ఉండే సోర్స్ లైన్‌లో సైన్డ్-బై దగ్గర ఆ ఫైలు పూర్తి పాత్ ఇవ్వండి. అదే రిపాజిటరీకి పాత లిస్ట్ ఫైలు మిగిలితే 'కాన్‌ఫ్లిక్టింగ్ వాల్యూస్' (సెట్టింగులు ఒకదానికొకటి పొసగడం లేదు) ఎర్రర్ తప్పదు, ఆ పాత ఫైలును తీసేయండి. ఆప్ట్-కీ డెల్‌తో పాత కీనీ తొలగించి, ఆప్ట్ అప్‌డేట్ నడపండి. ఎర్రర్ వచ్చిందని సంతకం తనిఖీనే దాటవేసే 'ట్రస్టెడ్=యెస్' మాత్రం ఎన్నడూ పెట్టకండి.