మంచం కింద నుంచి రాని పిల్లి గురించి

పెరట్లో తిరిగే పెద్ద పిల్లిని ఇంట్లోకి తెచ్చి పది రోజులైందని, మంచం కిందే ఉంటూ చెయ్యి చాపితే బుస్సుమంటోందని రాశారు. అది కోపం కాదండీ, భయం. దయచేసి బయటికి లాగకండి. ఒక్కసారి లాగితే పది రోజుల నమ్మకం పోతుంది.

ముందు దానికి ఇల్లంతా కాకుండా ఒక చిన్న గది ఇవ్వండి. అది తనంతట తాను బయటికి వచ్చినప్పుడు మంచం కింద దారి మూసేసి, బదులుగా పక్కకి తిప్పిన అట్టపెట్టెలో పాత దుప్పటి వేయండి. దాక్కునే చోటు ఉండాలి, కానీ మీకు కనిపించాలి. గిన్నెలో తిండి ఎప్పుడూ ఉంచకుండా రోజూ ఒకే వేళకి మీరే పెట్టి, అది తింటున్నంతసేపూ దూరంగా నేలమీద కూర్చోండి. కళ్లలోకి సూటిగా చూడొద్దు. నెమ్మదిగా కళ్లు మూసి తెరవండి, పిల్లికి అది స్నేహంగా అనిపిస్తుంది. గిన్నెని రోజుకి కాస్త మీవైపు జరపండి. తాకడం మాత్రం అది తనంతట తాను వచ్చి వాసన చూశాకే.

ఒకరోజు మించి అసలేమీ తినకపోతే వెంటనే డాక్టర్‌కి చూపించండి, ఆకలితో ఉంటే పిల్లులకి కాలేయం దెబ్బతింటుంది. రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తప్పనిసరి. కరిచినా, రక్కినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

రెండు నుంచి ఏడు వారాల వయసులో మనుషుల్ని ఎరిగిన పిల్లికూనలు త్వరగా మచ్చికవుతాయి. మీది పెద్దది కాబట్టి నెలలు పట్టొచ్చు, ఒళ్లోకి ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. ఈ వారం అది మీ ముందు తింటే చాలు, నాకు రాయండి.