స్ట్రింగ్ ఆఫ్ పర్ల్స్ ముడతలు పడుతుంటే నీళ్లు పోయాలా?

నర్సరీ నుంచి తెచ్చిన స్ట్రింగ్ ఆఫ్ పర్ల్స్ (పచ్చటి పూసల దండలా వేలాడే తీగ మొక్క) ఈ వానలకు ముడతలు పడుతోందని, రోజూ నీళ్లు పోస్తున్నా తేరుకోవట్లేదని, కుండీ పైభాగం బోసిపోతోందని రాశారు. ముందు నీళ్లు ఆపేయండి.

ముడతలు చూడగానే దాహం అనుకుంటాం. కానీ వేళ్లు కుళ్లినా ఇలాగే అవుతుంది, ఎందుకంటే మట్టిలో నీళ్లున్నా అవి పీల్చుకోలేవు. కాలిపోయిన అగరుబత్తి పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. తడి మట్టి అంటుకొస్తే సమస్య వేళ్లదే. ఒక పూసను కూడా నొక్కి చూడండి. దాహంతో ఉన్నది సొట్టపడినా పచ్చగానే ఉంటుంది. కుళ్లినది పసుపు తిరిగి, చేతివేళ్ల మధ్య చితికిపోతుంది.

ఆ పూసలు నిజానికి ఆకులే. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఒక పక్క సన్నటి గాజు గీత కనిపిస్తుంది. వెలుతురు దాని గుండానే ఆకు లోపలికి చేరుతుంది. నాకు ఈ మొక్క మీద అంత ఇష్టం కలగడానికి ఆ గీతే కారణం.

ఇది దక్షిణాఫ్రికా పొడి నేలల్లో, పొదల నీడన నేలమీద పాకే తీగ. వేళ్లు పైపైనే ఉంటాయి. లోతు కుండీలో, ఉత్త కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) పెడితే మన ముసురు రోజుల్లో అడుగున తడి ఆరనే ఆరదు. మన దగ్గర దీన్ని రోహిణి కార్తె ఎండల కంటే ఆ తర్వాతి వానలే ఎక్కువగా చంపుతాయి. హైదరాబాద్ సైనిక్‌పురిలో మా బాల్కనీ తూర్పు వైపు ఉంది. మృగశిర రాగానే వీటన్నిటినీ జల్లు తగలని గోడవైపు జరిపేస్తాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది, బాగున్న తీగలను వేలెడంత ముక్కలుగా కత్తిరించి ఒకటి రెండు రోజులు నీడన ఆరనివ్వడం. అడుగున చిల్లు ఉన్న, లోతు లేని మట్టి కుండీ తీసుకోండి. సగం దొడ్డు ఇసుక, శనగగింజంత ఇటుక ముక్కలు (పొడి జల్లించేయండి, లేకపోతే అదే బురదవుతుంది), మిగతా సగం ఎర్రమట్టి, కాస్త వర్మీకంపోస్ట్. తీగలను గుచ్చకండి, పైన చుట్టలా పరిచి కణుపులు మట్టికి తగిలేలా నొక్కండి. వేళ్లు కణుపుల దగ్గరే వస్తాయి. అవి పట్టేదాకా పైమట్టి మీద కొద్దిగా స్ప్రే చేస్తే చాలు. పైభాగం బోసిపోవడానికీ ఇదే మందు.

అయితే కుండీని సీలింగ్ దగ్గర వేలాడదీస్తే మళ్లీ బోసిపోతుంది. వేలాడే తీగలకు వెలుతురు దొరుకుతుంది కానీ కుండీ పైభాగానికి అందదు. కంటి ఎత్తుకు దించండి.

తీగలు వేళ్లూనుకున్నాక మట్టి పూర్తిగా ఆరితేనే నీళ్లు, పోస్తే మాత్రం అడుగు నుంచి కారేదాకా పోయండి. మే నెలలో రాత్రులూ ఉడికిపోతాయి కాబట్టి మొక్క దాదాపు నిద్రపోతుంది. అప్పుడు నీళ్లు తగ్గించండి, ఎరువు అసలే వద్దు. బాగా పెరిగేది చలికాలంలోనే. కణుపుల్లో తెల్ల దూదిలా కనిపిస్తే పిండినల్లి. వేపనూనె సాయంత్రం పూట కొట్టండి, ఎండలో కొడితే పూసలు మాడతాయి. ఇంట్లో పిల్లి ఉంటే అందని చోట పెట్టండి, తింటే దానికి విషం.

మీ బాల్కనీ ఏ దిక్కో రాయలేదు. పడమర అయితే ఫిబ్రవరి చివరికల్లా గ్రీన్ నెట్ (ఎండను తగ్గించే పచ్చ వల) కట్టేయండి.