డాలస్‌లో దిగిన తిరుపతి పిల్లలకు

"అన్నా, వచ్చి రెండు నెలలైంది, ఇంటి మీద బెంగ తగ్గలేదు, వెనక్కి పోదామా?" అని తిరుపతి, చిత్తూరు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతుంటారు. పొమ్మనీ ఉండమనీ నేను చెప్పను. ముందు ఇంటితో మాటలు సరిగ్గా సాగుతున్నాయో లేదో చూసుకోండి.

నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు. మీరు రాత్రి ఏడున్నరకి చేసే ఫోన్ అక్కడ పొద్దున ఆరుకి మోగేది, ఆ రోజు నుంచి ఏడుకి మోగుతుంది. అమ్మకు ముందే చెప్పకపోతే ఆ గంటసేపూ ఫోన్ పక్కనే కూర్చుని టెన్షన్ పడుతుంది. నాయనతో విడిగా మాట్లాడండి. ఇంట్లో ఉన్నప్పుడు "తిన్నావా" తప్ప ఇంకో మాట అనని మా నాయన, నేను ఇక్కడికొచ్చాకే తన ఉద్యోగం కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. అమెరికా వచ్చి సంపాదించిన వాటిలో నాకు జీతం కన్నా అదే ఎక్కువ.

డబ్బు దగ్గర జాగ్రత్త. ఊళ్ళోని మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్నారైలకుండే ఖాతా) మార్చుకోవాలి, ఇక్కడి సంపాదన పంపడానికి ఎన్‌ఆర్‌ఈ తెరవాలి. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. నాయన ప్రేమకొద్దీ తన ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో మీ పేరు కూడా చేరుస్తాడు. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా మీ పేరున్న ఇండియా ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే, హెచ్‌1బి వీసా మీద ఉన్నవాళ్ళు సాధారణంగా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) దాఖలు చేయాలి. ఆ డిపాజిట్ కూడా లెక్కలోకి వస్తుంది. చదువుకోవడానికి వచ్చినవాళ్ళలో చాలామందికి మొదటి ఐదేళ్ళు ఈ గొడవ ఉండదు. బంగారుపాళ్యం దగ్గర మామిడితోట చవగ్గా వస్తోందని మేనమామ ఫోన్ చేస్తే మొహమాటపడకుండా కుదరదని చెప్పండి. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే వేరే సంగతి.

తిరుపతి అనగానే ఆఫీసులో తెలుగువాళ్ళంతా దర్శనం టికెట్ ఇప్పించమంటారు. 300 రూపాయల టికెట్ మనకైనా ఆన్‌లైన్‌లోనే, నెలలో మొదటి మంగళవారం స్థానికులకిచ్చే దర్శనానికి ఆధార్‌లో ఆ ఊరి అడ్రస్ ఉండాలి, ఇవన్నీ ఎవరు వింటారు! విసుక్కోకండి. అలా మొదలైన పరిచయాలే రేపు ఇల్లు మారేటప్పుడు సామాన్లు మోస్తాయి, పురుడొస్తే పథ్యం వండి తెస్తాయి.

ఊరికి పోయినప్పుడు సెలవంతా పెళ్ళిళ్ళకే పెట్టకండి. ఫోన్‌లో ఎప్పుడడిగినా అమ్మానాయనలు "బాగానే ఉంది" అనే మోకాళ్ళ సంగతి ఇంట్లో అడుగు పెట్టాకే తెలుస్తుంది. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో చూపించండి, చిత్తూరు నుంచి దగ్గరే. చెన్నైలో దిగే తేదీని మాత్రం చుట్టాలకు రెండు రోజులు కలిపి చెప్పండి. ఆ రెండు రోజులూ సంగటి, ఊరిబిండి తిని ఇంట్లోనే పడుకోండి. ఎవరైనా కనిపెడితే టికెట్ ముందుకు జరిగిందనండి.