ముడతలు పడిన అవక్షేప శిలలు ఒకప్పుడు ఎంత వేడెక్కాయో, ఎప్పుడు వేడెక్కాయో ఎలా తెలుస్తుంది?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. ముడతలు పడిన షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి), సున్నపురాయి పొరలు గరిష్ఠంగా ఎంత వేడెక్కాయన్నది ఒకటి. ఆ వేడి ముడతలు పడకముందు తగిలిందా, తర్వాత తగిలిందా అన్నది రెండోది. మొదటిదానికి ల్యాబ్ జవాబు చెబుతుంది. రెండోది మాత్రం మీరు శాంపిళ్లు ఎక్కడెక్కడ తీశారన్నదాని మీదే ఉంటుంది. థ్రస్ట్ ఫాల్టులు (ఒక రాతిపలక ఇంకోదాని మీదికి జరిగిన పగుళ్లు) ఉన్న శిలల మీద కొన్నేళ్లు పనిచేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

షేల్‌లో మొక్కల అవశేషాలుంటే ముందు విట్రినైట్ రిఫ్లెక్టెన్స్, అంటే కలప నుంచి ఏర్పడిన బొగ్గులాంటి పదార్థం (విట్రినైట్) ఎంత మెరుస్తుందో కొలిచే పరీక్ష, చేయించండి. శాంపిల్‌ని రెజిన్‌లో బిగించి, అద్దంలా పాలిష్ చేసి, నూనె చుక్క వేసి, మైక్రోస్కోప్ కింద 546 నానోమీటర్ల కాంతి ఎంత శాతం తిరిగి వస్తోందో కొలుస్తారు. వేడి పెరిగేకొద్దీ ఆ మెరుపు పెరుగుతుంది, శిల చల్లబడినా తగ్గదు. జ్వరం దిగినా అంకె దిగని పాత పాదరసం థర్మామీటర్ లాంటిదన్నమాట. సుమారు 0.6 శాతం దగ్గర చమురు పుట్టడం మొదలవుతుంది, 1.3 దాటితే ఆ దశ దాదాపు ముగిసినట్టే. ఈ శాతాన్ని నేరుగా డిగ్రీల్లోకి మార్చే పట్టికలు చాలా కనిపిస్తాయి కానీ నాకు వాటి మీద పెద్దగా నమ్మకం లేదు. శిల ఆ వేడిలో ఎంతకాలం ఉందన్నది కూడా మెరుపును మారుస్తుంది. 1990లో శాస్త్రవేత్తలు స్వీనీ, బర్న్‌హామ్ ఇచ్చిన లెక్క ఉష్ణోగ్రతనూ కాలాన్నీ కలిపి చూస్తుంది, అది వాడండి.

డెవోనియన్ కాలం (సుమారు 42 నుంచి 36 కోట్ల ఏళ్ల క్రితం) కంటే పాత శిలల్లో విట్రినైట్ మీద ఆశ పెట్టుకోవద్దు, అప్పటికి కలప ఉన్న మొక్కలే లేవు. అక్కడ సున్నపురాయిని పలుచటి ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, మిగిలినదాంట్లోంచి కోనోడాంట్లు (పురాతన సముద్ర జీవుల పళ్లలాంటి చిన్న శిలాజాలు) ఏరాలి. 1977లో అనీటా ఎప్‌స్టీన్ బృందం అమెరికాలోని అపలాచియన్ పర్వతాల శిలల ఆధారంగా వీటికి రంగుల సూచీ తయారుచేసింది. లేత పసుపు రంగుకి 1, నలుపుకి 5. రంగు 1లోనే ఉంటే శిల 80 డిగ్రీల సెల్సియస్ దాటలేదని, 5కి వస్తే 300 దాటిందని అర్థం. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఇక ముడతల సంగతి. ఒకే పొర నుంచి ముడత రెండు పక్కలా, మధ్య వంపు దగ్గరా శాంపిళ్లు తీయండి. ఎత్తు మారినా ఆ పొరంతా ఒకే విలువ (మెరుపు శాతం లేదా రంగు సూచీ) ఇస్తే, అది పూడిపోయి వేడెక్కాకే ముడత పడింది. విలువలు పొరను పట్టించుకోకుండా, ఇప్పుడు లోతుగా ఉన్నచోట ఎక్కువగా, పైన ఉన్నచోట తక్కువగా వస్తే వేడి ముడతల తర్వాతది. థ్రస్ట్ దగ్గర కూడా ఇదే తర్కం. ఫాల్ట్ దాటగానే విలువ ఒక్కసారిగా మారితే వేడి ముందు, జరుగుడు తర్వాత. నేను పనిచేసిన ఒక సెక్షన్‌లో ఫాల్ట్‌కి పైనున్న పలక కిందిదానికంటే బాగా ఎక్కువ వేడెక్కి ఉంది. ఫాల్ట్ వెంట వేడినీళ్లు పారి కాల్చాయని ఒక వాదన లేచింది. అదే నిజమైతే ఫాల్ట్‌కి దగ్గరయ్యేకొద్దీ విలువలు పెరగాలి కదా? ఫాల్ట్ పక్కనవీ, చాలా దూరంలోవీ ఒకేలా వచ్చేసరికి ఆ వాదన నిలబడలేదు.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. ఒత్తిడికి గురైన శిలల్లో విట్రినైట్ అన్ని దిక్కుల్లోనూ ఒకేలా మెరవదు. అందుకే శాంపిల్ తీసేటప్పుడే దాని దిక్కు, వాలు రాతి మీదే గీసుకోండి. గరిష్ఠ మెరుపు పొరకు సమాంతరంగా కాకుండా వంకరగా ఉంటే, వేడెక్కేటప్పటికే పక్కల నుంచి ఒత్తిడి మొదలైందని అనుమానించవచ్చు.

శిల ఎప్పుడు చల్లబడిందో కావాలంటే అపటైట్ ఫిషన్ ట్రాక్ పరీక్ష చేయించాలి. అపటైట్ అంటే ఇసుకరాళ్లలో రేణువులుగా దొరికే ఒక ఫాస్ఫేట్ ఖనిజం. యురేనియం-238 పగిలినప్పుడు ఖనిజంలో పడే గీతలు మొదట సుమారు 16 మైక్రాన్ల పొడవుంటాయి, 60 నుంచి 120 డిగ్రీల మధ్య కుంచించుకుపోతాయి, ఆపైన పూర్తిగా చెరిగిపోతాయి. విట్రినైట్ ప్రకారం మీ శిల 120 దాటకపోతే, వచ్చే వయసులో ఆ ఇసుక రేణువులు పుట్టిన పాత పర్వతం జ్ఞాపకం కూడా కలిసి ఉంటుంది. దాన్ని చల్లబడిన తేదీ అని రాసేయకండి.

300 డిగ్రీలు బాగా దాటిన శిలలకు రామన్ స్పెక్ట్రోస్కోపీ (లేజర్ కాంతితో శిలలోని కార్బన్‌ను పరీక్షించే పద్ధతి) బాగుంటుంది, కాకపోతే 50 డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది.

ల్యాబ్ నుంచి సగటు ఒక్కటే తీసుకోవద్దు, కొలతలన్నిటి హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే పటం) అడగండి. రెండు గుట్టలు కనిపిస్తే ఎక్కువ మెరిసే గుట్ట పాత శిలల నుంచి కొట్టుకొచ్చిన విట్రినైట్ కావచ్చు. ఎండకీ వానకీ పాడైన పైరాతినీ, డైక్ (పగుళ్లలోకి చొరబడి గట్టిపడిన లావా రాయి) పక్కన కాలిన రాతినీ వదిలేయండి. బడ్జెట్ కొన్ని శాంపిళ్లకే సరిపోతే, ఫిషన్ ట్రాక్ పక్కనపెట్టి థ్రస్ట్‌కి రెండు వైపులా విట్రినైట్ చేయించండి.