ముక్కు గెంతుతోందా? అడుగు చూడండి

ప్రశ్న: ఇంటి షెడ్డులో 6 మి.మీ. మెరైన్ ప్లైవుడ్‌తో 12 అడుగుల రేసు బోటు కట్టాను. ఇంజను 15 హెచ్‌పీ. వేగం అందుకోగానే ముక్కు లేచి పడుతూ గెంతుతోంది. ఇంజను కోణం మార్చి చూసినా తగ్గలేదు.
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: ఇంజను జోలికి ఇక పోకండి. బోటు తిరగేసి, వెనక పలక నుంచి ముందుకు నాలుగైదు అడుగుల మేర వంకర లేని అల్యూమినియం గొట్టం ఆనించి చూడండి. వెనక అంచు దగ్గర సందు కనిపిస్తే అడుగుకు పొట్ట ఉన్నట్టే. రెండు మూడు మిల్లీమీటర్లున్నా చాలు. ఆ వంపు వెంట పారే నీరు వెనక భాగాన్ని కిందికి లాగుతుంది, ముక్కు లేస్తుంది, బరువుకి మళ్లీ పడుతుంది. నెమ్మదిగా బరువు మోసే మన నావలకు అడుగు చివర్లు పైకి లేవడం అందం, అవసరం కూడా. వడ్రంగి చెయ్యి ఆ అలవాటునే ఇక్కడికీ తెస్తుంది.

పల్లం ఉన్నచోట మైక్రోబెలూన్ పొడి (సన్నటి బోలు గుళికలు) కలిపిన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, రెండున్నర అడుగుల పలకకి 80 నంబరు గరుకు కాగితం అంటించి సాపు చేయండి. కాగితాన్ని ఉత్త చేత్తో పట్టుకుని రుద్దితే గుంటలు పడతాయి. వెనక అంచు దగ్గర మరీ ఎక్కువ నింపి అడుగు లోపలికి గుంటపడేలా చేసినా తప్పే: ముక్కు నీళ్లలోకి దిగబడుతుంది.

వెనక అంచు కత్తిలా ఉండాలి. గ్లాసు గుడ్డ (ఫైబర్‌గ్లాస్ బట్ట) మడత పడటానికి చాలామంది దాన్ని గుండ్రం చేసి అలాగే వదిలేస్తారు. గుడ్డ వేశాక సిలికా పొడి కలిపిన ఎపాక్సీతో మూల మళ్లీ నిలబెట్టాలి. మైక్రోబెలూన్ అక్కడ రాలిపోతుంది.

అడుగు సాపుగానే ఉంటే లోపల పొడవునా వేసిన చెక్క బద్దల మధ్య బొటనవేలితో నొక్కండి. లొంగితే పరుగులో ప్లైవుడ్ వంగుతోందన్నమాట. మధ్యలో ఇంకో బద్ద వేయండి. పెట్రోలు ట్యాంకు ముందుకు జరిపినా కొంత తగ్గుతుంది గానీ అది మందు కాదు.

పరీక్ష కాలవల్లో వద్దు, అలలకు గట్లు కోసుకుపోతాయి. వైనతేయ పాయలో పోటు నిలిచిన వేళ చూసుకోండి. మనిషి పడితే ఇంజను ఆపే తాడు ఒంటికి కట్టుకోకుండా హ్యాండిల్ పట్టొద్దు.

ప్రశ్న: ఎపాక్సీ పూత మర్నాడు జిడ్డుగా ఉంటోంది. పై పూత పొరలా లేచిపోయింది.
– ఓ పాఠకురాలు, యానాం

జవాబు: గాలిలో చెమ్మ వల్ల హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే ద్రవం) పైకి తేలి కట్టే జిడ్డు అది. మంచినీళ్లతో, గరుకు స్క్రబ్బర్‌తో కడిగి ఆరాకే గరుకు కాగితం పట్టండి. ముందే రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగుతుంది. గోరు దిగేంత మెత్తగా ఉంటే మాత్రం ఎపాక్సీ, హార్డెనర్ కలిపిన పాళ్లు తప్పాయి, గీకేయాల్సిందే. పూత పొద్దు వాలాక, మంచు దిగకముందు వేయండి. పొద్దున వేస్తే చెక్క వేడెక్కి గాలి బుడగలు వదులుతుంది.