మత్తు గ్యాస్‌కి భయపడి మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి, గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఏడాదిగా పనిచేస్తోంది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కూతురు “మత్తు ఇచ్చే నర్సువి అవ్వు, జీతం బాగుంటుంది” అంటోంది. ఇక్కడివాళ్లేమో ఆ గ్యాస్ పీలిస్తే పిల్లలు పుట్టరని, నాలుగేళ్లు కూడా ఎవరూ నిలవరని అంటున్నారు. వచ్చే ఏడు పెళ్లి చేద్దామనుకుంటున్నాం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బ్రాడీపేట

అమ్మా, ముందు ఒక సంగతి. ఆ అమ్మాయి చెప్పిన ఉద్యోగం మన దగ్గర లేదు. ఇక్కడ మత్తు ఇచ్చేది మత్తు డాక్టరే. సిరంజిలు నింపి లేబుల్ వేసేది, ట్యూబు అందించేది నర్సో, అనస్థీషియా టెక్నీషియనో. అమెరికాలో మత్తు డాక్టర్లతో పాటు, ప్రత్యేకంగా చదివిన నర్సు కూడా ఇస్తుంది. కాకపోతే దానికి అక్కడి నర్సు లైసెన్సు కావాలి, కనీసం ఏడాది ఐసీయూ అనుభవం కావాలి, ఆపైన సుమారు మూడేళ్ల చదువు. ఆ చదువు ఇప్పుడు డాక్టరేట్ స్థాయికి వెళ్లింది. ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) చేసిన ఏడాదిని మామూలుగా ఐసీయూ కింద లెక్కపెట్టరు.

ఇక గ్యాస్. మీవాళ్లది ఉత్త పుకారు కాదు. ఓటీలో పనిచేసే ఆడవాళ్లకు గర్భస్రావాలు ఎక్కువని 1970ల్లో కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అవి చాలావరకు ప్రశ్నపత్రాలు పంపి రాబట్టిన జవాబులు, పైగా రోగి వదిలిన గ్యాస్‌ని గదిలోకే వదిలేసే రోజులవి. 1977లో, పనిచేసే చోట ఆరోగ్యం గురించి చూసే అమెరికా సంస్థ నియోష్ మత్తు గ్యాస్‌లకి ఒక హద్దు సూచించింది: నైట్రస్ ఆక్సైడ్ గాలిలో పది లక్షల పాళ్లకు 25, హాలోథేన్ లాంటివి 2 పాళ్లు మించకూడదని. ఇప్పుడు మంచి ఓటీల్లో మిగులు గ్యాస్‌ని బయటికి లాగేసే స్కావెంజింగ్ గొట్టం ఉంటుంది, గాలి గంటకు ఇరవైసార్లు మారుతుంది. చిన్న నర్సింగ్ హోముల్లో గోడకి స్ప్లిట్ ఏసీ ఒక్కటే ఉంటే లోపలి గాలే తిరుగుతుంటుంది. కాబట్టి మీ అమ్మాయి చూడాల్సింది మత్తు ఇచ్చే యంత్రం, అదే బాయిల్స్ మెషిన్ వెనక. గొట్టం ఉందా, ఉంటే ఎక్కడికి పోతోంది? ఆ మెషిన్‌లో మత్తు మందు నింపేటప్పుడు తియ్యటి వాసన తెలిసిందంటే అప్పటికే హద్దు దాటినట్టు. మొహానికున్న మాస్కు, ఎన్95 అయినా సరే, గ్యాస్‌ని ఆపదు.

కానీ ఉద్యోగాలు మానేసినవాళ్లెవరూ నాతో గ్యాస్ గురించి చెప్పలేదమ్మా. నా దగ్గర సలహా తీసుకుని విజయవాడలో చేరిన ఒకమ్మాయి మూడేళ్లకే మానేసి వచ్చింది. ఎందుకే అంటే చూపుడువేలు చూపించింది. రాత్రి రెండింటికి సిజేరియన్. పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కిన పిల్ల అప్పటికీ అక్కడే ఉంది. వాడిన సూదికి మూత పెట్టబోతే గుచ్చుకుంది. రిపోర్టు రాస్తే “అజాగ్రత్త మనిషి” అంటారని ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలు నిద్రలేదు. చివరికి పరీక్షలన్నీ బాగానే వచ్చాయి గానీ, మళ్లీ ఓటీ గడప తొక్కలేదు. హెచ్‌ఐవీ ఉన్న మనిషికి వాడిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం వెయ్యికి మూడు. టీకా లేనివాళ్లకు హెపటైటిస్ బీ అయితే నూటికి ముప్పై దాకా. హెచ్‌ఐవీ ఉన్న మనిషి సూది అయితే అది రాకుండా వాడే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ అయ్యాయో లేదో, తర్వాత టీకా పనిచేసిందో చూసే యాంటీబాడీ పరీక్ష చేయించిందో లేదో ఈ సాయంత్రమే అడగండి. మూడో డోసు వేయించుకోకుండా ఆగిపోయినవాళ్లు చాలామంది ఉంటారు.

పెళ్లి అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. ఎముకల ఆపరేషన్లలో సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం వాడతారు. లెడ్ ఆప్రాన్, మెడకు కాలర్, ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి అడిగి తీసుకోవాలి. రేడియేషన్ పనిలో ఉన్నవాళ్లకు కేంద్ర అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ పరిమితి సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ కొలత). గర్భం అని తెలియగానే ఆసుపత్రికి చెబితే, కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా డ్యూటీ మార్చాలి. మూడో నెల దాకా దాచడం మన ఇళ్లల్లో ఆనవాయితీ, ఇక్కడ అది పనికిరాదు. మత్తు మందుల అలమర తాళం, రిజిస్టరు సంగతి కూడా సరిగా పెట్టుకోమనండి. ఫెంటానిల్ లాంటి బలమైన నొప్పి మందులు చేతికందే వృత్తిలో వాటికి అలవాటుపడే ప్రమాదం ఉంది, దాన్ని ఎవరూ బయట మాట్లాడరు.

జీతం సంగతి: 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. సిఫారసు సిఫారసుగానే ఉన్న చోట్లు చాలా. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనే చోట అసలు చేరొద్దనండి.

పంపండి అనే నా సలహా. అయితే నేరుగా అమెరికాకి కాదు, ముందు ఐసీయూకి. మంగళగిరి ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగం కోసం నార్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ఇక్కడే ఉంటానంటే క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ రెండేళ్ల కోర్సు ఉంది. పెళ్లి సంబంధం వాళ్లకి నైట్ డ్యూటీల సంగతి ముందే చెప్పేయండి, తర్వాత చెబితే మానేయమనేది వాళ్లే.

ముందుగా మీ అమ్మాయిని గడిచిన మూడు నెలల డ్యూటీ రోస్టరు ఫొటో తీసి పంపమనండి. ఆన్‌కాల్ రాత్రులకి మర్నాడు సెలవు ఇచ్చారో లేదో అందులో తెలిసిపోతుంది. అది చూశాక ఐసీయూకి ఎప్పుడు మారాలో మాట్లాడుకుందాం.